గ్రౌండ్‌హాగ్ దూరని కూరగాయల మడి: అమెరికా పెరట్లో కంచె కట్టే పద్ధతి

మార్చిలో కిటికీ దగ్గర లైటు కింద మొలిపించిన సొర, బీర, చిక్కుడు నారు మే నెల మధ్యలో నేలకు చేరుతుంది. సరిగ్గా నాలుగాకులు వేసే వేళకి ఒక్క పొద్దుటిపూటలో మొండి కాడలు మిగులుతాయి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియా, ఒహాయో, మిషిగన్ వైపు పెరటి సేద్యం చేసే తెలుగువాళ్ల నుంచి ఏటా ఇదే ప్రశ్న: కంచె కట్టాం, అయినా గ్రౌండ్‌హాగ్ (నేలలో కలుగు తవ్వుకుని ఉండే, ఉడత జాతికి చెందిన బొద్దు జంతువు) ఎలా వస్తోంది?

కంచె ఓడిపోయేది మూడే చోట్ల: నేలను తాకే కింది అంచు, ఎక్కి దూకే పై అంచు, గేటు. మధ్యలో ఉండే వల ఎవరైనా బాగానే కడతారు. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఆ మూడింటి గురించే.

## 1. ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

కుందేలుకి సరిపోయే కంచె గ్రౌండ్‌హాగ్‌ని ఆపదు. గ్రౌండ్‌హాగ్‌ని ఆపేది జింకని ఆపదు. రంధ్రాల కొలత, కొరికిన తీరు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

- గ్రౌండ్‌హాగ్: పగలే వస్తుంది, ముఖ్యంగా పొద్దున్నే, సాయంత్రం ఎండ తగ్గాక. చిక్కుడు, బొబ్బర్ల తీగలని ఆకుల్లేకుండా దూసేస్తుంది. కలుగు నోరు 10 నుంచి 12 అంగుళాల వెడల్పు, పక్కన తవ్విపోసిన మట్టి గుట్ట. కాస్త దూరంలో మట్టి గుట్ట లేని రెండో రంధ్రం దాదాపు ఎప్పుడూ ఉంటుంది.
- కుందేలు: లేత కాడలని కత్తితో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా కొరుకుతుంది. అంతా నేల నుంచి రెండడుగుల లోపే. బఠాణీ గింజంత గుండ్రటి పెంటికలు కనిపిస్తాయి.
- జింక: పై దవడకి ముందు పళ్లు లేవు కాబట్టి కొరకదు, పీకుతుంది. కాడ చివర చిరిగి పీచులుగా ఉంటుంది. నడుము ఎత్తులో చిగుళ్లు పోయాయంటే జింకే.
- చిప్‌మంక్: ఒంటి మీద చారలుండే చిన్న ఉడత. 2 అంగుళాల గుండ్రటి రంధ్రం, చుట్టూ మట్టి ఉండదు.
- వోల్: పొట్టి తోక ఎలుక. అంగుళం, అంగుళంన్నర రంధ్రాలు. మంచు కరిగాక గడ్డిలో మెలికలు తిరిగిన సన్నటి దారులు దీనివే.
- స్కంక్: కంపు చిమ్మే నలుపు తెలుపు జంతువు. లాన్‌లో గరాటు ఆకారపు చిన్న గుంతలు. అది పురుగుల కోసం తవ్వుతుంది, మీ కూరల జోలికి పెద్దగా రాదు.

ఇంకా అనుమానంగా ఉంటే సాయంత్రం మడి చుట్టూ నేల మీద గోధుమపిండి పలచగా చల్లి పొద్దున్నే పాదముద్రలు చూడండి.

గ్రౌండ్‌హాగ్ అని తేలితే దాని ఏడాది చక్రం గుర్తుంచుకోండి, ఎందుకంటే పనుల తేదీలన్నీ దాన్నిబట్టే. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా కలుగులో శీతనిద్ర. బయటికి రాగానే జత కడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు పుడతాయి. నడివేసవిలో ఆ పిల్లలు తల్లిని వదిలి సొంత కలుగులు వెతుక్కుంటాయి. జులైలో ఉన్నట్టుండి కొత్త జంతువు కనిపించడానికి కారణం ఇదే.

## 2. తవ్వే ముందు

811కి చెప్పండి. అమెరికా అంతటా ఒకటే నంబరు, ఉచితం. గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగు గుర్తులు వేసి వెళ్తారు. కొన్ని పనిదినాల ముందే చెప్పాలి కాబట్టి శనివారం పనికి ఆ వారం మొదట్లోనే ఫోన్ చేయడం మంచిది. ఒక్క చిక్కుంది: మీ స్ప్రింక్లర్ గొట్టాలు, కుక్క కోసం పాతిన వైరు, గ్రిల్‌కి వేయించుకున్న గ్యాస్ లైను లాంటి సొంత లైన్లని వాళ్లు గుర్తించరు. అవి మీరే కనుక్కోవాలి.

హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం), టౌన్‌షిప్ (స్థానిక పాలక సంస్థ) నియమాలు చదవండి. కొన్ని కాలనీల్లో ముందుకి కనిపించే వైర్ కంచె ఒప్పుకోరు. ఎత్తు మీద పరిమితి ఉంటుంది. మూడడుగుల కంచెకి ఇబ్బంది తక్కువ, జింకల కోసం ఏడెనిమిది అడుగులు వేయాలంటే మాత్రం రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మడి లోపల కలుగు ఉందేమో చూడండి. జంతువుని లోపలే పెట్టి కంచె కట్టడం చాలామంది చేసే పొరపాటు. కంపోస్ట్ కుప్ప వెనక, గుమ్మడి తీగ కింద, రాళ్ల గోడ పక్కన వెతకండి.

కలుగు దొరికితే రంధ్రంలో నలిపిన న్యూస్‌పేపర్ గాని ఎండు గడ్డి గాని వదులుగా కుక్కండి. జంతువులు తిరిగే కాలంలో వాన లేని రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే ఖాళీ అని అర్థం. బయటికి తోసి ఉంటే లోపల ఉంది.

జంతువు ఉన్న కలుగుని ఖాళీ చేయించి మూయడానికి తగిన కాలం జులై మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా (బయటికి పంపే ఒన్-వే తలుపు సంగతి 10వ భాగంలో ఉంది). ఏప్రిల్ నుంచి జూన్ వరకు లోపల పిల్లలుంటాయి. మూసేస్తే అవి ఆకలితో చస్తాయి, తల్లి ఎలాగైనా తవ్వుకుని వస్తుంది. చలికాలంలో మూసినా నిద్రలో ఉన్నదాన్ని పూడ్చినట్టే. కలుగు మడి బయట ఉంటే దాని జోలికి వెళ్లకుండా కంచె పని మొదలుపెట్టొచ్చు.

## 3. కొలతలు, సామాను

మడి కొలత మీ ఇష్టం కాదు, వల చుట్ట పొడవు ఇష్టం. దుకాణాల్లో దొరికేది ఎక్కువగా 50 అడుగుల చుట్ట. మడి 12 × 14 అడుగులు పెడితే చుట్టుకొలత 52 అడుగులు. గేటుకి 3 పోతే 49. ఒక్క చుట్టతో అతుకు లేకుండా చుట్టేయొచ్చు. 12 × 16 అంటే మూడడుగుల ముక్క కోసం రెండో చుట్ట కొనాలి, పైగా ఒక అతుకు ఎక్కువ.

ఈ కొలతకి కావలసినవి:

- [ ] హార్డ్‌వేర్ క్లాత్ (బట్ట కాదు, చదరపు కన్నుల గట్టి ఇనుప వల), అర అంగుళం కన్ను, 19 గేజ్, 2 అడుగుల వెడల్పు: 50 అడుగుల చుట్ట ఒకటి
- [ ] అదే రకం 25 అడుగుల చుట్ట ఒకటి (మూలలకి, గేటుకి, మిగిలింది షెడ్ కిందికి పనికొస్తుంది)
- [ ] పౌల్ట్రీ వల, అంగుళం కన్ను, 4 అడుగుల వెడల్పు: 50 అడుగులు
- [ ] 5 అడుగుల టీ-పోస్ట్‌లు (T ఆకారపు ఇనుప స్తంభాలు): 7
- [ ] గేటుకి 4×4 ట్రీటెడ్ (కుళ్లకుండా మందు పట్టించిన) కర్ర స్తంభాలు, 6 అడుగులవి: 2
- [ ] 6 అంగుళాల ల్యాండ్‌స్కేప్ స్టేపుల్స్ (వలని నేలకి బిగించే U ఆకారపు తీగ మేకులు): 100
- [ ] జింకు పూత కట్టుడు తీగ, టీ-పోస్ట్ క్లిప్పులు
- [ ] 12 × 12 అంగుళాల సిమెంటు పలకలు: 3
- [ ] గేటు చట్రానికి 2×2 కర్రలు, కీళ్లు రెండు, గడియలు రెండు
- [ ] తీగ కత్తెర, పోస్ట్ డ్రైవర్ (స్తంభం దిగ్గొట్టే పనిముట్టు), మందపాటి తోలు గ్లౌజులు, కళ్లద్దాలు

పౌల్ట్రీ వల ఒక్కటే నేల దాకా వాడి డబ్బు ఆదా చేద్దామని అనిపిస్తుంది. తేమ నేలలో ఆ సన్నతీగ కొన్నేళ్లకే తుప్పు పట్టి పొడిపొడి అవుతుంది. నేలని తాకే చోట హార్డ్‌వేర్ క్లాతే ఉండాలి. అలాగే 2×4 అంగుళాల కన్నుండే తోట కంచె చూడ్డానికి గట్టిగా ఉంటుంది కానీ కుందేలు పిల్లలు అందులోంచి నడిచి వెళ్లిపోతాయి. ప్లాస్టిక్ వలని గ్రౌండ్‌హాగ్ కొరికేస్తుంది.

## 4. స్తంభాలు

1. నాలుగు మూలలకి మేకులు కొట్టి తాడు లాగండి. రెండు ఐమూలలు కొలిస్తే రెండూ సమానం కావాలి. అప్పుడే మూలలు సరిగ్గా ఉన్నట్టు.
2. చుట్టూ మూడడుగుల వెడల్పున గడ్డి పొట్టిగా కోయండి. పొదలు, కట్టెల కుప్పలు తీసేయండి. దాక్కునే చోటు లేకపోతే గ్రౌండ్‌హాగ్ అంత ధైర్యంగా కంచె దగ్గర కూర్చుని తవ్వదు.
3. మూలకొకటి, రెండు 14 అడుగుల వైపులా మధ్యలో ఒక్కొక్కటి, గేటు లేని 12 అడుగుల వైపు మధ్యలో ఒకటి టీ-పోస్ట్ దిగ్గొట్టండి. రెండడుగులు నేలలోకి, మూడడుగులు పైకి. కింద ఉండే రేకు రెక్క పూర్తిగా మట్టిలో మునగాలి. బొడిపెలు బయటి వైపు ఉండాలి, వల కట్టేది ఆ వైపే.
4. గేటు వైపు మధ్యలో ఒక కర్ర స్తంభం, దానికి సరిగ్గా 36 అంగుళాల ఖాళీ వదిలి రెండోది. వీటిని కనీసం 30 అంగుళాల లోతు పాతండి. చలి దేశంలో నేల గడ్డకట్టి ఉబ్బుతుంది, లోతు చాలని స్తంభం వసంతానికి పక్కకి ఒరిగి గేటు గడియ పడదు.

జింకలు కూడా వస్తాయని ముందే తెలిస్తే 5 అడుగుల పోస్ట్‌లు కొనకండి. మూలల్లో పొడవైనవి ఇప్పుడే పాతుకుంటే తర్వాత పైన వల కట్టుకోవచ్చు.

## 5. కింది అంచు: అసలు పని ఇక్కడే

గ్రౌండ్‌హాగ్ తవ్వేది కంచె పాదం దగ్గరే. ముక్కు వలకి తగిలిన చోట గోళ్లు వేస్తుంది. అడుగు వెనక్కి జరిగి అక్కడి నుంచి సొరంగం వేయాలన్న ఆలోచన దానికి రాదు. అందుకే వలని నిలువుగా లోతుగా పాతే బదులు బయటి వైపుకి ఎల్ ఆకారంలో మడిచి నేల మీద పరిస్తే చాలు. ఎక్కడ తవ్వబోయినా గోళ్ల కింద తీగే తగులుతుంది.

నిలువుగా పాతే పద్ధతి కూడా పనిచేస్తుంది, 10 నుంచి 12 అంగుళాల కందకం తవ్వాలి. రాళ్లు, బంకమన్ను ఉన్న పెరట్లో 50 అడుగుల కందకం నడుము విరిచే పని. ఎల్ ఆకారం సులువు, ఫలితంలో తక్కువేం కాదు.

1. హార్డ్‌వేర్ క్లాత్ చుట్టని ఎండలో పరిచి, రెండు చివర్లా ఇటుకలు పెట్టి చదును కానివ్వండి. తీగ చివరలు గుచ్చుకుంటాయి, గ్లౌజులు తీయొద్దు.
2. వెడల్పు సగంలో, అంటే 12 అంగుళాల దగ్గర, పొడవాటి 2×4 చెక్క పెట్టి దాని మీద మోకాలితో నొక్కి వలని పైకి మడవండి. నాలుగేసి అడుగుల చొప్పున జరుపుకుంటూ పోండి. మడత 90 డిగ్రీలు రావాలి.
3. కంచె గీత నుంచి బయటికి అడుగు వెడల్పున గడ్డిని మట్టితో సహా పారతో చాపలా లేపి పక్కన పెట్టండి. రెండంగుళాల లోతు చాలు.
4. మడిచిన వలలో నిలువు భాగం స్తంభాలకి ఆనుకునేలా, పడుకునే భాగం బయటి వైపుకి పరుచుకునేలా అమర్చండి. లోపలి వైపుకి పెడితే వృథా.
5. బయటి అంచు వెంట అడుగుకొకటి చొప్పున స్టేపుల్ దించండి. దాదాపు 60 పడతాయి. మిగిలినవి మడత దగ్గర, ఎత్తుపల్లాలున్న చోట.
6. మూల తిరిగేటప్పుడు పడుకునే భాగాన్ని కత్తిరించాల్సి వస్తుంది, అక్కడ అడుగు చదరం ఖాళీ పడుతుంది. చాలా కంచెలు ఇక్కడే ఓడతాయి. 25 అడుగుల చుట్ట నుంచి 18 × 18 అంగుళాల ముక్క కోసి, ఆ ఖాళీ కప్పి రెండు వైపులా తీగతో కుట్టండి. నాలుగు మూలలకీ ఇలాగే.
7. లేపిన గడ్డి చాపని మళ్లీ పైన పరిచి తొక్కండి, నీళ్లు పెట్టండి. కొన్ని వారాల్లో వేళ్లు వల కన్నుల్లోంచి దిగి నేలకి బిగించేస్తాయి. ఆ తర్వాత అది ఊడిరాదు. మొదటి ఏడు మాత్రం మోవర్ బ్లేడు ఎత్తుగా పెట్టుకోండి.

నేల వాలుగా ఉంటే వలని వాలు వెంట లాగకండి, కింద సందు పడుతుంది. స్తంభానికొక మెట్టు చొప్పున ముక్కలుగా కట్టి, సందు మిగిలిన చోట వల కిందికి దింపి మట్టి నింపండి. మీ అరచేయి దూరే సందు ఎక్కడా ఉండకూడదు.

## 6. పై అంచు: వదులుగా ఉండాలి

గ్రౌండ్‌హాగ్ చెట్లు కూడా ఎక్కగలదు, బిగుతుగా లాగిన మూడడుగుల వల దానికి నిచ్చెన. దాన్ని ఆపేది ఎత్తు కాదు, ఊగడం. పట్టుకున్న వల తన బరువుకి వెనక్కి వంగితే దిగిపోతుంది.

4 అడుగుల పౌల్ట్రీ వలని నేల నుంచి మొదలుపెట్టి స్తంభాల బయటి వైపు నిలబెట్టండి. కింది 36 అంగుళాలు మాత్రమే స్తంభాలకి కట్టండి, ప్రతి పోస్ట్‌కి నాలుగు చోట్ల. కింది అడుగు భాగం హార్డ్‌వేర్ క్లాత్ మీద పడుతుంది కదా, ఆ రెండింటినీ అడుగుకొక చోట తీగతో కలిపి కుట్టండి.

పై 12 అంగుళాలు దేనికీ కట్టకండి. చేత్తో బయటికి వంచి వదిలేయండి. పైన తీగ లాగడం, కర్ర పట్టీ కొట్టడం లాంటివి చేస్తే అందంగా ఉంటుంది, ఉపయోగం మాత్రం పోతుంది. చూడ్డానికి సగంలో వదిలేసిన పనిలా ఉన్నా ఇదే సరైన తీరు, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఎవరో ఒకరు సాయం చేస్తున్నామనుకుని బిగించేస్తారు.

బీర, కాకర తీగలు ఈ వదులు అంచు మీదకి పాకకుండా చూడండి. ఆగస్టుకి తీగ చుట్టుకుని అంచు గట్టిపడితే మళ్లీ నిచ్చెనే. పందిరి గుంజలు కంచెకి కనీసం రెండడుగులు లోపలికి వేయండి.

## 7. గేటు

మొత్తం కంచెకి పట్టినంత శ్రద్ధ ఈ మూడడుగులకి పట్టాలి.

గడప. రెండు కర్ర స్తంభాల మధ్య మూడంగుళాల లోతు తవ్వండి. 3 అడుగుల హార్డ్‌వేర్ క్లాత్ ముక్కని అడుగు లోపలికి, అడుగు బయటికి వచ్చేలా పరిచి, పక్కల వలతో తీగ వేసి కుట్టండి. దాని మీద మూడు సిమెంటు పలకలు వరసగా పేర్చితే సరిగ్గా 36 అంగుళాలు. పైభాగం నేలతో సమంగా ఉండాలి.

తలుపు. 2×2 కర్రలతో చట్రం కట్టి ఐమూలగా ఒక కర్ర వేయండి. ఆ కర్ర కింది కొస కీళ్ల వైపు ఉండాలి, లేదంటే తలుపు వాలుతుంది. చట్రానికి బయటి వైపు హార్డ్‌వేర్ క్లాత్ బిగించండి. పైన 12 అంగుళాల వల ముక్క ఒకటి బయటికి వంగేలా వదులుగా కుట్టండి, కంచె పై అంచు గేటు దగ్గర తెగిపోకుండా.

సందులు. తలుపుకీ పలకలకీ మధ్య అంగుళం కంటే తక్కువ. స్తంభం వైపు కూడా అంతే.

గడియలు రెండు. గేటు లోపలికి తెరుచుకుంటే బయట పరిచిన వలకి అడ్డు రాదు. కాకపోతే బయటి నుంచి తోస్తే కింది మూల లోపలికి వంగుతుంది. గ్రౌండ్‌హాగ్ తలతో తోసేది అక్కడే. అందుకని పైన ఒకటి, నేలకి ఆరంగుళాల ఎత్తులో ఇంకొకటి.

## 8. అయినా వస్తోందా? ఇలా వెతకండి

లోపల తిన్న గుర్తులున్నాయి, తవ్విన గుర్తు లేదు. ఎక్కి వచ్చింది లేదా గేటులోంచి వచ్చింది. కంచె పక్కన కంపోస్ట్ డబ్బా, వీల్‌బారో, కుండీలు ఆనించి ఉంటే అవే మెట్లు. మూడడుగుల దూరం జరపండి. గేటు కింది మూలని కాలితో నెట్టి చూడండి.

మూల దగ్గర తాజా మట్టి. అతుకు ముక్క విడిపోయింది. తవ్వి తీసి ఈసారి అన్ని అంచులకీ ఆరంగుళాలు ఎక్కేలా పెద్ద ముక్క కుట్టండి.

తీగకి బదులు వాడిన జిప్ టైలు (ప్లాస్టిక్ కట్టుడు పట్టీలు) తెగిపోయాయి. ఎండకి పెళుసెక్కి చలికి విరుగుతాయి. తీగతో మార్చండి.

వసంతంలో వల పైకి లేచింది. గడ్డకట్టిన నేల స్టేపుల్స్‌ని బయటికి నెట్టింది. మట్టి మెత్తబడగానే కాలితో తొక్కి దించి, విడిపోయిన చోట కొత్తవి కొట్టండి.

ఒక్క జంతువు మాత్రం మొండిగా ఎక్కేస్తోంది. అప్పుడు కరెంటు తీగ ఒకటి వేయొచ్చు: కంచెకి నాలుగైదు అంగుళాలు బయటికి, నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తులో. తోట కంచెల కోసమే అమ్మే ఎనర్జైజర్ (తీగకి కరెంటు పంపే పరికరం) వాడండి. ఇంటి ప్లగ్ నుంచి నేరుగా వైరు లాగడం ప్రాణాంతకం, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. హెచ్చరిక బోర్డు పెట్టండి, పిల్లలు ఆడుకునే పెరడైతే ఈ ఆలోచనే మానేయండి. గడ్డి తీగని తాకితే పవర్ కారిపోతుంది, వారానికోసారి కోయాలి.

## 9. మిగతా జంతువులు

కుందేళ్లు. ఇంతవరకు చెప్పిన కంచె ఉంటే వీటి కోసం వేరే ఏమీ అక్కర్లేదు. ఉన్నది కుందేలొక్కటే అయితే రెండడుగుల ఎత్తు, అంగుళం కన్ను, కింద ఆరంగుళాలు పాతితే సరిపోతుంది.

జింకలు. బెండ, గోంగూర, చిక్కుడు చిగుళ్లంటే ఇష్టం. పెద్ద స్థలానికి 8 అడుగుల కంచె కావాలి. చిన్న మడి, లోపల పందిళ్లు ఉంటే దిగే చోటు కనపడక దూకడానికి వెనకాడతాయి, కాబట్టి చాలాచోట్ల ఆరడుగులతో సరిపోతుంది. ఉన్న కంచె పైభాగాన నల్ల ప్లాస్టిక్ వల కడితే అది బిగుతుగా లాగి ఉండాలి, పైగా గ్రౌండ్‌హాగ్ కోసం వదిలిన అంచుని తాకకూడదు. నేల మీద వదులుగా పడి ఉన్న ప్లాస్టిక్ వలలో పాములు, పక్షులు చిక్కుకుని చస్తాయి. గుడ్డు వాసన ఉండే స్ప్రేలు జింకల మీద కొంత పనిచేస్తాయి, వాన పడిన ప్రతిసారీ మళ్లీ కొట్టాలి. తినే ఆకు మీద కొట్టొచ్చో లేదో సీసా మీద చదివాకే వాడండి.

ఉడతలు, చిప్‌మంక్‌లు. ఏ కంచే ఆపదు. టమాటా ఆకుపచ్చ నుంచి రంగు తిరగడం మొదలవగానే కోసి వంటింట్లో పండబెట్టండి. గుత్తులకి పలచని గుడ్డ సంచులు కట్టొచ్చు.

వోల్‌లు. ఎత్తు మడులు కట్టేటప్పుడే అడుగున పావు అంగుళం కన్ను హార్డ్‌వేర్ క్లాత్ పరచండి. మట్టి పోశాక ఇక వీలు కాదు. మొక్క మొదలుకి ఆనేలా గడ్డి, చెక్కపొట్టు కప్పకండి.

## 10. డెక్, షెడ్ కింద కాపురముంటే

మడికి కంచె కట్టినా పది గజాల దూరంలో షెడ్ కింద ఇల్లుంటే పోరు ఆగదు. జులై మధ్య నుంచి సెప్టెంబర్ చివరి లోపు ఈ పని పెట్టుకోండి.

షెడ్ చుట్టూ అన్ని వైపులా హార్డ్‌వేర్ క్లాత్‌ని 5వ భాగంలో చెప్పినట్టే ఎల్ ఆకారంలో వేసి, పైఅంచుని చెక్కకి స్క్రూలు, వాషర్లతో బిగించండి. జంతువు వాడే ఒక్క ద్వారం వదిలేయండి. అక్కడ బయటికి మాత్రమే తెరుచుకునే ఒన్-వే తలుపు పెట్టండి. తలుపు చుట్టూ కూడా వల పరచాలి, లేకపోతే పక్కనే తవ్వుకుని వస్తుంది. లోపల కదలిక లేదని న్యూస్‌పేపర్ పరీక్షతో తేలాక తలుపు తీసి ఆ ఖాళీ కూడా మూసేయండి.

## 11. చేయకూడనివి

కలరా ఉండలు. నాఫ్తలిన్ ఉండలు మూసి ఉన్న బట్టల పెట్టెల్లో వాడే పురుగుమందు. తోటలో వేయడం చట్టవిరుద్ధం, మట్టికీ పిల్లలకీ హాని.

ఎలుకల మందు. పక్కింటి కుక్క, గద్ద, పిల్లి చస్తాయి.

కారం, వెల్లుల్లి నీళ్లు. మొదటి వాన దాకా. కారప్పొడి గాలికి లేచి మీ కళ్లలోనే పడుతుంది.

బోనులో పట్టి పార్కులో వదలడం. దయగల పనిలా అనిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో అనుమతి లేకుండా అడవి జంతువుని వేరే చోట వదలడం నేరం, మసాచుసెట్స్‌లో పూర్తిగా నిషేధం. పైగా ఖాళీ అయిన కలుగులోకి ఆ వేసవిలోనే ఇంకొకటి చేరుతుంది. బోను తప్పదనుకుంటే మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు చూసి, లైసెన్స్ ఉన్నవాళ్లని పిలవండి. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు (సేద్యం సలహాలిచ్చే స్థానిక కార్యాలయం) కూడా దారి చెబుతుంది.

చేత్తో పట్టుకోవడం. అమెరికాలో ర్యాబిస్ బయటపడే ఎలుక జాతి జంతువుల్లో గ్రౌండ్‌హాగ్‌లే ఎక్కువ. పట్టపగలు తూలుతూ, మనుషుల మీదకి వచ్చేదాన్ని చూస్తే పిల్లల్ని లోపలికి పంపి యానిమల్ కంట్రోల్‌కి ఫోన్ చేయండి. కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో బాగా కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రేపు చూద్దాం అనుకోకూడదు.

## 12. ఏడాది పొడవునా చూసుకోవలసినవి

మార్చి
- [ ] మంచుకి వంగిన పై అంచుని మళ్లీ బయటికి వంచడం
- [ ] లేచిన స్టేపుల్స్ దించడం, గేటు కీళ్లు సరిచేయడం
- [ ] మడి లోపల కొత్త కలుగు ఉందేమో వెతకడం

మే, నారు నాటే ముందురోజు
- [ ] కంచె చుట్టూ ఒకసారి నడిచి ప్రతి అతుకునీ చేత్తో లాగి చూడడం
- [ ] గేటు కింద, పక్కల సందులు కొలవడం

జులై, ఆగస్టు
- [ ] పై అంచు మీదకి పాకిన తీగలు లోపలికి తిప్పడం
- [ ] కంచె పక్క గడ్డి కోయడం, తాజా మట్టి కోసం చూడడం
- [ ] రాలిన, ముదిరిన దోసకాయలు, సొరకాయలు ఏరేయడం. ఆ వాసనకే కొత్త పిల్లలు దారి పడతాయి

అక్టోబర్
- [ ] తీగలు పీకేశాక వలలో తుప్పు పట్టిన చోట్లకి రంగు దారం కట్టి గుర్తు పెట్టడం, మార్చిలో అవే ముందు మార్చడానికి
- [ ] డెక్, షెడ్ కింద వల ఎక్కడా ఊడలేదని నిద్రకాలం మొదలయ్యేలోపు చూసుకోవడం